నేపాల్ సేవకు వెళ్తున్న పిల్లలకు పెద్దమ్మ ఉత్తరం

బాబూ, అమ్మాయ్,

ప్రభువు నామంలో మీ ఇద్దరికీ వందనాలు. పిల్లలకు ముద్దులు.

మీరు పంపిన మిషన్ కాగితాలు చదివాను. మీ పెద్దనాన్న మంచినీళ్ల పథకం డ్రాయింగులు మాత్రం చూసి, మిగతావి నా ఒళ్లో పడేశారు. తాగునీటి పని బాబుకి, కాన్పుల గది పని కోడలు పిల్లకి, ఇద్దరికీ చదివిన చదువుకు తగ్గ పనే దొరికింది. సంతోషం. ఒక్క పేజీ దగ్గర మాత్రం నాకు చదవబుద్ధి కాలేదు. ‘మా దర్శనం, మా లక్ష్యాలు, మా ఐదేళ్ల ప్రణాళిక’ అని ఉంది చూడండి, ఆ పేజీ. అందులో అక్కడి సంఘం ఊసే లేదు. ఆ ఊరివాళ్లు ఏం కావాలన్నారో ఒక్క ముక్కా లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మీరు వెళ్లేది ఎలాంటి చోటికో ముందు తెలుసుకోండి. డార్జిలింగ్‌లో ఉండే గంగాప్రసాద్ ప్రధాన్ అనే నేపాలీ పాస్టరు బైబిలును నేపాలీలోకి తేవడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 1914లో ఆ పని పూర్తయింది. అదే ఏడాది ఆయన ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని కాలినడకన కాఠ్మాండూ చేరితే, ఈ దేశంలో క్రైస్తవులకు చోటు లేదని వెనక్కి పంపేశారు. సొంత మనుషులకే ఆ గతి. వంశపారంపర్యంగా ప్రధానులై దేశాన్ని ఏలిన రాణాల పాలన 1951లో పోయాక గానీ తలుపు తెరుచుకోలేదు. 1952లో చిన్న జట్టు ఒకటి సరిహద్దు నుంచి నడుచుకుంటూ పోఖరా వెళ్లి వైద్యం మొదలుపెట్టింది. అదే సమయంలో రాబర్ట్ ఫ్లెమింగ్ అనే ఆయన పక్షుల మీద పరిశోధన కోసం తాన్‌సేన్ అనే కొండ ఊరి వైపు వెళ్తే, డాక్టరైన ఆయన భార్య బెథెల్ అక్కడ రోగుల్ని చూసింది. ఆ పరిచయమే పెరిగి 1954లో యునైటెడ్ మిషన్ టు నేపాల్ అయింది. పిట్టల కోసం వెళ్లిన మొగుడు, మందుల పెట్టె పట్టుకెళ్లిన పెళ్లాం. వాళ్ల దగ్గర ఐదేళ్ల ప్రణాళిక ఉందో లేదో మరి!

ప్రభుత్వం రానిచ్చింది గానీ షరతు పెట్టింది. ఆసుపత్రులు కట్టుకోండి, బడులు నడపండి, మతం మాత్రం మార్చకండి అంది. అప్పట్లో చాలామంది మిషనరీలకు అది కాళ్లకు సంకెళ్లు వేసినట్టే అనిపించి ఉంటుంది. కానీ జరిగింది చూడండి. విదేశీయుడు సంఘాన్ని నడపడానికి వీల్లేదు కాబట్టి, మొదటి రోజు నుంచీ సంఘాలు నేపాలీల చేతుల్లోనే ఉన్నాయి. అక్కడ సంఘాలు కూడుకునేది శనివారం. తెల్ల డాక్టరుగారు ఆ ఆరాధనకు వచ్చి అందరితో పాటు చాప మీద కూర్చునేవారు. ప్రసంగం నేపాలీ పెద్దది, పెత్తనమూ వాళ్లదే. సంఘం తన ఖర్చు తానే భరించాలి, తన పెద్దల్ని తానే ఎన్నుకోవాలి, తన సువార్త తానే చెప్పుకోవాలి అని హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ లాంటి మిషన్ సంస్థల పెద్దలు 19వ శతాబ్దంలోనే అన్నారు. చాలా దేశాల్లో అది కాగితం మీద మాటగానే ఉండిపోయింది. నేపాల్‌లో చట్టం పుణ్యమా అని నిజంగా జరిగింది. 2011 జనాభా లెక్కల్లో అక్కడ క్రైస్తవులు 3,75,699 మంది. 2021లో 5,12,313 మంది, అంటే జనాభాలో 1.76 శాతం. అది ముఖ్యంగా ఊరూరా తిరిగిన నేపాలీ పాస్టర్ల, మామూలు విశ్వాసుల కష్టం. ఏ విదేశీ జట్టయినా దాన్ని తన ఖాతాలో వేసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కాబట్టి మీరు వెళ్లేది ఖాళీ పొలానికి కాదు. దున్ని, విత్తి, కలుపు తీసుకుంటున్న రైతు పొలానికి సాయం పోతున్నారు. గట్టు ఎక్కడ వేయాలో ఆయన చెప్తాడు.

ఇక చట్టం సంగతి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, నిర్లక్ష్యం చేయొద్దని చెప్తున్నాను. 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణం ఎవరి మతం వారు పాటించుకోవచ్చు అంటూనే, ఇంకొకరిని మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన నేర స్మృతి 158వ సెక్షన్ ప్రకారం దానికి ఐదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష అయ్యాక ఏడు రోజుల్లో దేశం నుంచి పంపేస్తారు. ఇక్కడే ఆలోచించండి. మీకు చెడితే ఇల్లు చేరతారు. మీ పక్కన నిలబడ్డ నేపాలీ తమ్ముడు ఎక్కడికి పోతాడు? 1960లో తాన్‌సేన్‌లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లూ, ఇచ్చిన పాస్టరూ జైలుపాలయ్యారు, విదేశీయులు కాదు. మీ ఉత్సాహానికి ఖర్చు ఇంకొకరి జేబులోంచి పోతుందని మరిచిపోవద్దు.

అందుకని మన దగ్గర అలవాటైన కొన్ని పనులు అక్కడ పూర్తిగా మానేయాలి. బాప్తిస్మం ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టడం, ‘ఈ నెల ఇన్ని ఆత్మలు’ అని వాట్సాప్‌లో లెక్క రాయడం, మంచం మీద ఉన్న రోగి చేతిలో కరపత్రం పెట్టడం, ఇవేవీ వద్దు. నొప్పులు పడుతున్న ఆడమనిషికి మందు ఇచ్చే చేత్తోనే ఇంకేదైనా ఇస్తే, ఆమె వద్దనలేదు. అది చట్టానికే కాదు, నా మనసుకూ తప్పే. ఎవరైనా వాళ్లంతట వాళ్లు ‘దీదీ, మీరెందుకు ఇంత దూరం వచ్చారు’ అని అడిగితే నిజం చెప్పండి, దాచక్కర్లేదు. అడుగుతారు కూడా, కాస్త ఓపిక పట్టాలి అంతే.

అక్కడ పని ఎలా నడుస్తుందో ఒక ముచ్చట చెప్తాను. మేం నేపాల్‌లో సేవ చేసిన రోజుల్లో, మేం ఉన్న జిల్లాలో కొండ మీద ఒక ఊరికి నీళ్లు తేవాలి. మీ పెద్దనాన్న ఊటను కొలిచారు, ట్యాంకు ఎక్కడో, పైపు ఎటో డ్రాయింగ్ గీశారు. ఆయన లెక్కలో రెండు నెలల పని. ఊళ్లో ఉపభోక్తా సమితి వేసుకున్నారు. అంటే నీళ్లు వాడుకునేవాళ్ల కమిటీ, అక్కడ ఏ పనికైనా అది ఉండాల్సిందే. ఆ సమితి కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక పేచీ. ఊట పై వాడకట్టు వాళ్లదా, కింది వాళ్లదా? పైపు ఎవరి మొక్కజొన్న చేలోంచి పోవాలి? పాస్టరుగారు కూడా కమిటీలో ఉన్నారు. మొదటి కుళాయి చర్చి ఆవరణలో పెడితే శుభ్రంగా ఉంటుందని ఆయన అభిప్రాయం. మూలన కూర్చుని ఊలు అల్లుకుంటున్న ముసలమ్మ సూదులు ఆపకుండానే, ‘చీకటి పడ్డాక గేటు ఎవరు తీస్తారు?’ అంది. ఎవరూ మాట్లాడలేదు. పాస్టరుగారే నవ్వి, ‘అమ్మ చెప్పింది సరే’ అన్నారు. కుళాయి దారి మీద, బరువులు దించుకుని మనుషులు సేదతీరే చౌతారీ పక్కకు పోయింది. సమితి కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో ఆ నిర్ణయం రాసింది, చదువు రానివాళ్లు వేలిముద్ర వేశారు. మీ పెద్దనాన్న డ్రాయింగ్‌ను మళ్లీ గీశారు. రెండు నెలల పని ఏడాది దాటింది. కానీ తర్వాత వానాకాలంలో కొండచరియ విరిగి పైపు కొట్టుకుపోతే, ఎవరూ మాకు కబురు పెట్టలేదు. వాళ్లే ఇంటికి ఒక మనిషి చొప్పున వెళ్లి బాగుచేసుకున్నారు. మాకు నెల తర్వాత తెలిసింది.

బాబూ, నువ్వు ఇంజనీరువి, నీకు ఇంకో పేరు చెప్తాను: నార్వే ఇంజనీరు ఆడ్ హాఫ్టున్. 1950ల చివర్లో తాన్‌సేన్ ఆసుపత్రి కట్టడానికి వచ్చారు. కట్టేసి వెళ్లిపోలేదు. బుట్వల్‌లో కుర్రాళ్లకు పని నేర్పే టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించారు, తర్వాత బుట్వల్ పవర్ కంపెనీ. తినావు నది మీద ఒక మెగావాట్ జల విద్యుత్ కేంద్రానికి నార్వే నుంచి పాత యంత్రాలు తెప్పించి, అక్కడి కుర్రాళ్ల చేతనే సొరంగం తవ్వించారు. కాంట్రాక్టుకు ఇచ్చేస్తే త్వరగా అయ్యేది, కానీ పని రాదు. అలా పని నేర్చిన మనుషులే తర్వాత ఆంధీఖోలాలో 5.1 మెగావాట్లు, ఝిమ్రుక్‌లో 12 మెగావాట్ల కేంద్రాలు కట్టారు. కోడలు పిల్లా, నీ కాన్పుల గదిలో కూడా ఇదే లెక్క. నువ్వు ఎన్ని కాన్పులు చేశావన్నది నాకు వద్దు. నువ్వు సెలవులో ఉన్నప్పుడు అక్కడి ఏఎన్ఎం అమ్మాయి ఎన్ని చేయగలిగిందో చెప్పు.

డబ్బు దగ్గరికి వద్దాం. భాగస్వామ్యాలు చెడేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే. మీరు వెళ్లగానే మంచి మనసున్న ఒక పాస్టరుగారు పరిచయమవుతారు, ఆయన కష్టాలు చూసి మీ గుండె కరుగుతుంది, ఇక్కడ మన సంఘంలో చెప్తారు, నెలనెలా ఆయన పేరు మీద కొంత వెళ్తుంది. ఆగండి. మా రోజుల్లో ఒక సంఘంలో సరిగ్గా ఇదే జరగడం చూశాను. బయటి దేశం నుంచి ఒక సంస్థ పాస్టరుగారికి నేరుగా జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సంఘంలో ఆడవాళ్లు రోజూ వంట ముందు పిడికెడు బియ్యం పక్కన తీసి శనివారం తెచ్చి పోసేవాళ్లు. దాంతోనే పాస్టరుగారి ఇల్లు గడిచేది. జీతం సంగతి తెలిశాక బియ్యం డబ్బా ఖాళీగా ఉండడం మొదలైంది. ఎవరూ కోపంతో మానలేదు, ఇక అవసరం లేదనుకున్నారు, అంతే. ఆయన ఊరు తిరగడం తగ్గింది, రిపోర్టులు రాయడం పెరిగింది. కొన్నాళ్లకు ఆ సంస్థ ప్రాధాన్యాలు మారి జీతం ఆపేసింది. డబ్బా మాత్రం మళ్లీ నిండలేదు. ఆయన చివరికి పని కోసం ఖతార్ వెళ్లిపోయారు.

అందుకే మనిషి పేరు మీద పంపొద్దు. సంఘం కమిటీకి లేదా రిజిస్టరైన స్థానిక సంస్థకు, ఇద్దరు సంతకం చేసే ఖాతాకు పంపండి. పాస్టరు పోషణ జోలికి పోకండి, అది సంఘం బాధ్యత, సంఘం గౌరవం. పనికి ఇవ్వండి, శిక్షణకు ఇవ్వండి, ఒక్కసారికి ఇవ్వండి. లెక్క అడగడానికి మొహమాటం వద్దు, ముందు మీ లెక్క వాళ్లకు చూపించండి. పౌలు యెరూషలేము పరిశుద్ధుల కోసం చందా తీసుకెళ్లేటప్పుడు ఒక్కడే పట్టుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని వెంట ఉంచుకున్నాడు, ఎవరూ తప్పు పట్టకూడదని. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. అపొస్తలుడికే సాక్షి కావలసి వస్తే మనమెంత?

ప్రభుత్వ లెక్కలు కూడా చూసుకోండి. అక్కడ విదేశీ సంస్థ ఏదైనా సమాజ కల్యాణ పరిషద్ అనే ప్రభుత్వ సంస్థతో ఒప్పందం చేసుకుని, స్థానిక సంస్థల ద్వారా పని చేయాలి. మీ మిషన్‌కు ఆ ఒప్పందం ఉందో లేదో, మీ పని అందులోకి వస్తుందో లేదో కాగితం చూపించమని అడగండి. నోటి మాట చాలదు. మన వైపు, ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చు పెడితే పన్ను మినహాయింపుకు ఇబ్బంది వస్తుంది. మన సంఘం ఆడిటరుగారితో మాట్లాడకుండా ఎవరూ ఏ హామీ ఇవ్వొద్దని పెద్దలకు చెప్పండి. నేపాలీ రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.60 దగ్గర స్థిరంగా ఉంది కాబట్టి లెక్కలు రాయడం తేలిక, అదొక్కటే సుఖం.

మీరు భారతీయులు. ఇది వరమూ, చిక్కూ కూడా. రెండు దేశాల మధ్య 1950లో కుదిరిన ఒప్పందం వల్ల మీకు వీసా అక్కర్లేదు, మిగతా దేశాల వాళ్లు ఏటా పడే టెన్షన్ మీకు లేదు. కానీ 2015 ఏప్రిల్ 25 భూకంపంలో దాదాపు 9,000 మంది పోయి, ఇంకా రేకుల కింద ఉన్నప్పుడే, ఆ సెప్టెంబరు నుంచి మన సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయి నెలల పాటు గ్యాసు లేదు, పెట్రోలు లేదు, మందులు లేవు. ఆ చలికాలం వాళ్లు మరిచిపోలేదు. తప్పు ఎవరిదని వాదించకండి. వినండి. ముఖ్యంగా హిందీలో పని కానిచ్చేయొద్దు. వాళ్లకు హిందీ అర్థమవుతుంది, మీకూ కాస్త వచ్చు, ఆ సుఖానికి మరిగితే మీరు జన్మలో నేపాలీ నేర్చుకోరు. పైగా పెద్దన్న వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. మొదటి ఆరు నెలలు భాషే మీ పని అని మిషన్‌తో ముందే రాయించుకోండి.

ఆ భూకంపం శనివారం మధ్యాహ్నం పన్నెండు కొడుతుండగా వచ్చింది, సంఘాలు ఆరాధనలో ఉన్న వేళ. చాలామంది చర్చిల్లోనే పోయారు. అలాంటి విపత్తు మీరుండగా వస్తే, సాయం అందాల్సిన వాళ్ల జాబితా వార్డు ఆఫీసులో, అందరి ముందూ రాయించండి. చర్చిలో రాస్తే, ఎంత న్యాయంగా రాసినా, ‘వాళ్ల వాళ్లకే ఇచ్చుకున్నారు’ అన్న మాట పడుతుంది. ఆ మాట తర్వాత మోయాల్సింది ఆ సంఘమే.

ఇప్పుడు ఇంటి సంగతి. బాబూ, ఇది నీకు. ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ పేరు మన సభల్లో ఎంత మోగుతుందో తెలుసు. ఆయన భార్య డొరతి సంగతి ఎవరూ చెప్పరు. ఆమె మొదట రానంది. చివరికి బలవంతాన బయల్దేరింది. 1793లో బెంగాల్ చేరారు, మరుసటేడే కొడుకు పీటర్ జ్వరంతో, విరేచనాలతో చనిపోయాడు. ఆమెకు మతి చలించింది, 1807లో పోయేదాకా కోలుకోలేదు. పక్క గదిలో ఆయన అనువాదాలు సాగుతూనే ఉన్నాయి. దాన్ని త్యాగం అని మెచ్చుకునే ప్రసంగాలు విన్నాను, నాకు మాత్రం మింగుడు పడదు. కోడలు పిల్ల నీతో సమానంగా పిలుపు పొందింది, నాకు తెలుసు. అయినా ఏడాదికోసారి, ఇద్దరూ కూర్చుని, ‘ఉందామా, వెళ్దామా’ అని నిజంగా అడుగు. ఆమె వెళ్దాం అంటే ఆ మాటకు విలువ ఉండాలి.

పిల్లలకు ఇంట్లో తెలుగే మాట్లాడండి. చదవడం, రాయడం కూడా మీరే నేర్పాలి, అక్కడ ఎవరూ నేర్పరు. ఇలా రెండు దేశాల మధ్య పెరిగే పిల్లల గురించి రూత్ యూసీమ్ అనే సమాజ శాస్త్రవేత్త 1950లలో మన దేశంలో ఉన్న అమెరికన్ కుటుంబాలను చూసే రాయడం మొదలుపెట్టింది. ఆ పిల్లలు పుట్టిన దేశానికీ పూర్తిగా చెందరు, పెరిగిన దేశానికీ చెందరు, తమలాంటి వాళ్ల మధ్యే ఊపిరి పీల్చుకుంటారు. మా అమ్మాయి ఇప్పటికీ ‘మీది ఏ ఊరు’ అంటే కాసేపు ఆలోచిస్తుంది. దానికి బాధపడకండి, కానీ తెలిసి ఉండండి. ఇంకో సంగతి, మీ సేవ ఉత్తరాల్లో పిల్లల్ని బొమ్మల్లా నిలబెట్టకండి. పెద్దది తొమ్మిదేళ్లది, ఫోటో వేయనా అని దాన్నే అడగండి.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మన దోర్నకల్‌కు తర్వాత బిషప్ అయిన అజరయ్యగారు లేచి, మీరు పేదలకు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. ఆ సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ మాట అప్పుడు మనం తెల్లవాళ్లను అడిగింది. ఇప్పుడు మీరు ఆ కుర్చీలో కూర్చోబోతున్నారు. కాబట్టి పాస్టరుగారి ఇంట్లో దాల్‌భాత్ తిని వచ్చేయడం కాదు, వాళ్లను మీ ఇంటికి పిలవండి, మీరు అప్పు అడిగేంత చనువు తెచ్చుకోండి. మీ పని గురించి వాళ్ల అభిప్రాయం అడగండి, నచ్చనిది చెప్పినా మొహం మాడ్చుకోకండి. మేం చేసిన పెద్ద నిర్ణయాల్లో సగం అలా పొయ్యి పక్కన కూర్చున్నప్పుడే మారాయి.

ఇక్కడి సంఘాలతో కూడా ఇదే పద్ధతి. మిమ్మల్ని పంపేవాళ్లు ఏటీఎం కాదు, వాళ్లకు కష్టనష్టాలు కూడా రాయండి. పని సాగని నెల, పని సాగలేదనే రాయండి. కథ కావాలని ఒత్తిడి పెట్టే దాతలు ఉంటారు, ఒకరిద్దరు పోతారు, పోనివ్వండి.

మీ ఐదేళ్ల ప్రణాళికను చింపేయమనడం లేదు. దాన్ని ‘చర్చకు’ అని పైన రాసి, నేపాలీలోకి మార్పించి, వెళ్లిన ఏడాదికి అక్కడి పెద్దల చేతిలో పెట్టండి. వాళ్లు కొట్టేసినవి కొట్టేయనివ్వండి. మీరు వచ్చేసిన తర్వాత ఆ పని ఎవరు చూస్తారో ఆ పేరు వాళ్ల చేతే రాయించండి, ఆ మనిషి జీతం ఏ ఖాతా నుంచి వస్తుందో కూడా.

ప్రయాణానికి: విమానంలో వెళ్తే మీ ఇద్దరికీ ఆధార్ చాలదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. పిల్లల బడి టి.సి.లు, టీకాల కార్డులు ఒరిజినల్స్ చేతి సంచిలో పెట్టుకోండి. గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దాటితే సామాను ఎక్కువ తీసుకెళ్లవచ్చు, కానీ ఎండాకాలం పిల్లలతో ఆ దారి వద్దు. మీ పెద్దనాన్న నేపాలీ నిఘంటువు పార్సిల్ చేశారు, అట్ట ఊడింది, పేజీలన్నీ ఉన్నాయి. వెళ్లాక మూడు నెలల దాకా ప్రార్థన ఉత్తరం రాయకండి. అప్పటికి రాసేందుకు మీకింకా ఏమీ తెలిసి ఉండదు. క్షేమమో కాదో నాకు మాత్రం ఫోన్ చేయండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ